మా మావయ్య పళ్ళతో విన్న చప్పుడు

ముందుగా చదివేవాళ్ళందరికీ నమస్కారం. నాకు రాయడం రాదు. బర్మా బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు మాత్రం యాంగోన్ నదికి అవతల ఉన్న దలాలో రామమందిరం అరుగు మీద ఒక పంతులుగారు సాయంత్రాలు దిద్దించారు. ఏ మాటకి ఏ ల రాయాలో, ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ నాకు అనుమానమే. మన వాళ్ళు పుస్తకం వేస్తున్నారు, పాత సంగతులు గుర్తున్నవాళ్ళు రాసివ్వండి అని గుడిలో చెప్పినప్పుడు నేను తల వంచుకుని ప్రసాదం తింటూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక మా అబ్బాయి "నాకు సెప్పినట్టే రాసీయమ్మా, ఎవులేటంటారు?" అన్నాడు. అందుకని మొదలుపెట్టాను. తప్పులు కనపడితే నవ్వుకోండి గానీ మధ్యలో ఆపేయకండి.

ఇది ఒక తెడ్డు సంగతి. ఈ మధ్యే మళ్ళీ కంటపడింది. మేమిప్పుడు యాంగోన్‌లో సంచౌంగ్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాం. మా అబ్బాయి టాక్సీ తోలతాడు. ఫోన్లో పిలిస్తే వెళ్ళే టాక్సీ. బండి జపాను నుంచి వచ్చిన పాతది, ఇక్కడికి వచ్చేసరికే దానికి సగం వయసు అయిపోయింది. ఆ బండి ఇంజను కొన్నాళ్ళుగా టక్కుటక్కుమని కొడుతోంది. షాపుకి తీసుకెళ్తే కంప్యూటరు తగిలించి చూశారట, అందులో ఏ తప్పూ రాలేదట. "ఏ తప్పూ లేకపోతే మరి కొట్టడమెందుకమ్మా?" అని వాడు సణుక్కుంటూ చేతులు తుడుచుకోడానికి పాత గుడ్డ అడిగాడు. గుడ్డ కోసం నా రేకు పెట్టె తీశాను. అడుగున నా పెళ్ళి చీర కింద కాగితంలో చుట్టి ఉంది తెడ్డు. విప్పగానే పాత ఇంజనాయిలు వాసన వచ్చింది. ఇన్నేళ్ళయినా పోలేదు. నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

మా అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేటమ్మా, పిడి ఇలగుంది? ఎలకలు కొరికీసినాయేటి?" అన్నాడు.

"ఎలక కాదురా, మీ తాత" అన్నాను.

వాడు నవ్వాడు. నేను నవ్వుతూనే ఏడ్చాను. ఆ రోజు వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

మా అత్తవారిల్లు అప్పట్లో ఈ ఊళ్ళోనే మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు పట్టాలకి దగ్గర సందులో ఉండేది. కింద సిమెంటు నేల, పైన చెక్క గది. తెల్లారి మొదటి రైలు కూత వేసేసరికి మా అత్త గడప కడిగి పసుపు రాసేది, తర్వాత బొగ్గుల పొయ్యి రాజేసేది. మా పొయ్యి పొగా, అత్త పెట్టిన అగరొత్తీ, పక్కింటి బర్మా ఆవిడ డా ఓన్ అమ్మకానికి కాచే మొహింగా చేపల పులుసూ, అన్నీ కలిసి ఒకటే వాసనగా మేడ మీదకి వచ్చేవి. ఆ వాసనకే నాకు మెలకువ వచ్చేది. ఇప్పుడు మూడో అంతస్తులో కరెంటు పొయ్యి. కరెంటున్నప్పుడు వండుకోవాలి, లేనప్పుడు చూస్తూ కూర్చోవాలి. దేనికీ వాసన లేదు.

ఆ సందులో మా గుమ్మానికి ఆనించి మా ఆయన టాక్సీ నిలబడి ఉండేది. మా ఆయన పేరు నూకరాజు. ఎక్కేవాళ్ళు మాత్రం కో న్యో అని పిలిచేవారు, నల్లనయ్య అని. అప్పటికే ఆ కారు ముసలిది. తలుపులకి ఒక రంగు, ఒంటికి ఒక రంగు. మా ఆయన రోజూ దాన్ని తుడిచి, బర్మా వాళ్ళు పెట్టుకున్నట్టే ముందు అద్దం దగ్గర మల్లెదండా, థబ్యే ఆకుల రెమ్మా పెట్టేవాడు. మా అత్త వచ్చి కింద బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టేది. పైన వాళ్ళ దేవుడు, కింద మన దిష్టి. రెండూ ఉండాలి మరి, ఇంటిల్లిపాదీ తినేది ఆ బండి మీదే.

మా మావయ్యకి, అంటే మా ఆయన నాన్నకి, చెవులు వినపడవు. వయసొచ్చి పోయిన చెవులు కావు. ఓడలు బాగుచేసే చోట ఇనప పొట్ట లోపల కూర్చుని సుత్తితో తుప్పు కొట్టే పని చేశాడు చిన్నప్పటి నుంచీ. బయట కొట్టేవాళ్ళు బయట కొడతారు, లోపలివాళ్ళు లోపల కొడతారు, మధ్యలో మనిషి చెవి. ఆ మోతకి చెవులు చచ్చిపోయాయి. ఓడల ఇంజను దగ్గర పనిచేసే ఒక పెద్దాయన, పానా ఒక కొస ఇంజనుకి ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుంటే లోపలి సంగతి తెలుస్తుందని ఆయనకి ఎప్పుడో నేర్పాడట. చెవులు పోయాక మావయ్య ఆ కొసని పళ్ళ మధ్య పెట్టుకోవడం మొదలెట్టాడు. పళ్ళ లోంచి తలకాయలోకి వస్తుందట చప్పుడు. అందుకే ఆయనకి పళ్ళంటే ప్రాణం. పొద్దున్నే వేప పుల్ల, తర్వాత ఉప్పూ బొగ్గుపొడీ. యాంగోన్‌లో తాంబూలం నమలని మగాడు ఉండడు గానీ ఆయన ముట్టేవాడు కాదు. "సెవులెలిపోనాయి. పళ్ళు కూడా ఎలిపోతే నాకింకేటి మిగుల్తాది?" అనేవాడు. వినపడదు కదా, ఏ మాటైనా కేకే. ఆయన ఉప్పు అడిగినా సందు చివర దాకా తెలిసేది.

నేను ఆ ఇంటికి నది దాటి వచ్చాను. దలాలో మా నాన్నకి కొంచెం పొలం, ఒక చెక్కపడవ ఉండేవి. పెళ్ళిలో నాకిచ్చిన సామానంతా పడవలోనే వచ్చింది. రేవు దగ్గర మా ఆయన కారు పూలు కట్టుకుని నిలబడి ఉంది. నేను కారెక్కడం అదే మొదలు. ఎందరు ఎక్కారో నాకు తెలీదు, తలెత్తి చూస్తే కదా. వెనక బియ్యం మూటలూ, ఇత్తడి గిన్నెలూ, మా నాన్న చెక్కిన వంట తెడ్డూ. పనస చెక్కతో చేశాడు, పిడి పొడుగ్గా, నునుపుగా. "అత్తారింట్లో పెద్ద గిన్నెలుంటాయి, చెయ్యి కాల్చుకోకు" అని చెప్పి ఇచ్చాడు.

ఇంటికి రాకముందు బండి అమ్మవారి గుడి దగ్గర ఆగింది. ఇక్కడొక మాట చెప్పాలి. బర్మా వాళ్ళు కొత్త బండి కొంటే పెగూ దారిలో ఉన్న నాట్ దేవత గుడికి తీసుకెళ్తారు. అక్కడ బండి ముందుకి వచ్చి ఠక్కున ఆగుతుంది, మళ్ళీ వెనక్కి వెళ్తుంది. అలా మూడుసార్లు. బ్రేకు వేసినప్పుడు బండి ముక్కు కిందకి వంగుతుంది చూడండి, అదే బండి దణ్ణం పెట్టడం. మా అత్తకి ఆ పద్ధతి బాగా నచ్చింది. నాట్ దేవతకి మొక్కిన బండి మన అమ్మోరికి మొక్కకపోతే అమ్మోరు చిన్నబుచ్చుకోదా అని ఆవిడ మొక్కుకుంది, కోడలు వచ్చిన రోజు కోడలితో సహా బండి చేత మొక్కిస్తానని. అలాగే మొక్కింది. అంతమందితో, అన్ని మూటలతో, ముందుకీ వెనక్కీ. నా తల ముందు సీటుకి కొట్టుకుంది. అందరూ నవ్వారు.

గుడి దగ్గర నుంచి బయలుదేరగానే ఇంజనులో టక్కుమంది.

ఆ చప్పుడు నాతో పాటే ఆ ఇంట్లోకి వచ్చింది. మర్నాడు మా ఆయన ఇంజను పైన ఉండే టాపెట్లు వదులయ్యాయన్నాడు. మావయ్య అప్పుడు వాడుతున్న వెదురు పుల్ల కొరికి చూసి ఆయనా టాపెట్లే అన్నాడు. ఇద్దరూ కూర్చుని టాపెట్లు సరిచేశారు. కొట్టడం ఆగలేదు. వెదురు బొంగు లోపల ఖాళీ కదా, ఒక చప్పుడుకి పది చప్పుళ్ళు పలుకుతుందని మావయ్య దాన్ని విరిచి పొయ్యిలో పడేశాడు. నాలుగు రోజులు పోయాక డా ఓన్ గుమ్మంలో నిలబడి నవ్వుతూనే అంది, కొత్త కోడలు పాదం పెట్టింది, బండి గుండె కొట్టుకుంటోంది అని. ఆవిడ సరదాకే అంది. మా అత్త నవ్వలేదు. మన వాళ్ళలో ఆ మాట సరదా మాట కాదు.

మా అత్త చెడ్డది కాదు. ఇది మీరు నమ్మాలి. నాకు రోజూ తల దువ్వి, బుగ్గలకి తనకా చెక్క గంధం ఆవిడే రాసేది. కొడుకు మీద భయం, అంతే. ఆ బండి దారిలో ఆగిపోతే, ఏదైనా అయితే అని రాత్రీ పగలూ అదే దిగులు. అమ్మోరికి ఏదో తక్కువైందని తోచి ప్రతి శుక్రవారం బండిని గుడికి పంపేది, మొక్కించి తీసుకురమ్మని. కొట్టడం ఎక్కువైంది. మంగళవారం కూడా పంపింది. ఇంకా ఎక్కువైంది. "సూసినావా, అమ్మోరికి కోపం తగ్గనేదు" అనేది. నన్ను బండి ఎక్కనిచ్చేది కాదు. తర్వాత తర్వాత, బండి బయలుదేరేటప్పుడు నేను ఎదురు రాకూడదని చెప్పింది. నేను వంటింటి తలుపు వెనకే నిలబడి అది వెళ్ళేది వినేదాన్ని, వచ్చేది వినేదాన్ని. మీ పాదం ఎలాంటిదో ఒక ఇంజను చెప్పాలి అంటే మీరూ అలాగే వింటారు. ఒక్క టక్కు కూడా జారిపోనివ్వరు.

సందు చివర కో సో అనే మెకానిక్ ఉండేవాడు. మంచివాడు, మా ఆయనకి స్నేహితుడు. నిలబెట్టి విన్నాడు, ఏమీ లేదు. ఎక్కి ఒక చుట్టు తిరిగి వచ్చి తల గోక్కున్నాడు. లోపల బేరింగు పోయి ఉంటుంది, ఇంజను దించి విప్పితే గానీ చెప్పలేను అన్నాడు. ఆ రోజుల్లో ఇంజను దించడమంటే మాటలు కాదు. సామాను దొరకదు. దించిన ఇంజను దించినట్టే షెడ్డులో ఎండిపోయిన బళ్ళు మా సందులోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం మా అత్త నా తల దువ్వుతూ చెప్పింది. "పైడమ్మా, కొన్నాల్లు మీ అమ్మ కాడుండి రా. బండి బాగవనీ, నానే వొచ్చి తీసుకొస్తాను. నిన్నేటీ అన్లేదమ్మా నాను. ఏల బాగునేదు, అంతే."

వేళ బాగులేదట. పెళ్ళై వచ్చిన పిల్ల పెట్టె పట్టుకుని పడవ దిగితే దలాలో రేవు రేవంతా ఏమనుకుంటుందో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి వెళ్ళిన వాళ్ళు మళ్ళీ నది దాటి రావడం ఎంత కష్టమో కూడా తెలుసు. నేను ఊఁ అన్నాను. ఆవిడ వేసిన జడ విప్పి మళ్ళీ మొదటి నుంచీ అల్లింది.

మర్నాడు పొద్దున్న నా పెట్టె గుమ్మం దగ్గర పెట్టి ఉంది. మా ఆయన దాన్ని చూసి, వెళ్ళి బండిలో కూర్చున్నాడు. మావయ్య వేప పుల్ల నములుతూ కిందకి వచ్చి పెట్టె చూశాడు, నన్ను చూశాడు, అత్తని చూశాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పినా వినపడదు. అయినా అర్థమైంది.

"ఈ పెట్టెటెల్తంది?" అని కేకేశాడు. సందులో రెండు కిటికీలు తెరుచుకున్నాయి.

అత్త నది వైపు చెయ్యి చూపింది.

"బండి నాను సరిగ్గా ఇనలేదింకా. ఇన్నాక ఎల్లమను. అందాకా ఈ గుంట గడప దాటడానికి నేదు." గుంట అంటే పిల్ల, నేనే. అలా కేకేసి వంటింట్లోకి వచ్చి చుట్టూ చూశాడు. పొయ్యి మీద గంజి గిన్నెలో నా తెడ్డు ఉంది. తీసి, పిడి గోటితో కొట్టి చూశాడు. ముఖం వెలిగింది. "ఇది సెక్కంటే సెక్క!" అన్నాడు. గంజి కడగను కూడా కడగలేదు, పట్టుకుని బయటికి నడిచాడు.

అత్త వెనకాలే పరిగెత్తింది. "ఓలమ్మో! తిండి తెడ్డు నోట్లో ఎట్టుకుంతావేటి? ఎంగిలైపోదా? రెండో కొస ఆ మురికి ఇంజనుకేనా? నీకు సెవులు పోనాయనుకున్నాను గానీ సిగ్గు కూడా పోనాదా?"

"ఏటీ? నాకినపడదు" అన్నాడు మావయ్య, బానెట్టు ఎత్తుతూ.

మా ఆయన ఇంజను స్టార్టు చేశాడు. మావయ్య తెడ్డు వెడల్పు కొస ఇంజను మీద ఆనించి పిడి పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒకచోట కాదు, పైన, పక్కన, కింద, ఫ్యాను దగ్గర, గేరు పెట్టె దగ్గర. డాక్టరు పిల్లాడి వీపు మీద వినేటట్టు. పిడి మీద నుంచి చొంగ కారుతోంది. చాలాసేపటికి నోట్లోంచి తీశాడు. "లోపల బాగుంది. బేరింగు కాదు. లోపల గుండెకాయ సుబ్బరంగా ఉంది. మరెక్కడ కొడతాంది? నిలబడితే కొట్టదు. ఎప్పుడు కొడతాది?"

"కదిల్తే!" అని అరిచాడు మా ఆయన.

"ఏటీ?"

"కదిల్తే! కదిల్తేనయ్యా!"

"కదిల్తే సరే, ఎలగ కదిల్తే? ముందుకా, ఎనక్కా, ఒంపు కాడా?"

మా ఆయనకి తెలీదు. లోపల కూర్చున్నవాడికి అన్ని చప్పుళ్ళూ ఒకటే. నాకు తెలుసు. సందులోంచి ముందుకి కదిలితే ఒక టక్కు. వెనక్కి తీస్తే రెండు, రెండోది బరువుగా. ఒకసారి కదిలి పరుగు అందుకున్నాక ఏమీ ఉండదు. ఇన్నాళ్ళూ తలుపు వెనక నిలబడి విన్నది అదే. కానీ చెప్పడం ఎలా? కొత్త కోడలు మావ ముందు గొంతెత్తకూడదు. మెల్లగా చెప్తే ఆయనకి వినపడదు. నేను ఆ ఇంటికి వచ్చాక మావయ్యతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఏమనుకున్నానో నాకే తెలీదు. కొంగు తల మీదికి లాక్కుని గడప దాటాను. దాటొద్దన్న గడప. మావయ్య దగ్గరికి వెళ్ళి తెడ్డు పిడి ఆయన నోటి వైపు చూపించాను. ఆయన నా ముఖం చూసి, పిడి మళ్ళీ కొరికాడు. వెడల్పు కొస నా చేతిలో పట్టుకుని అరచెయ్యి బండిలాగా ముందుకి జరిపి, గోటితో తెడ్డు మీద కొట్టాను. టక్. అరచెయ్యి వెనక్కి జరిపాను. టక్, టక్. రెండోది గట్టిగా. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి.

మావయ్య కళ్ళు పెద్దవయ్యాయి. నా మొదటి మాట ఆయనకి పళ్ళలోంచి వినపడింది.

నా చెయ్యి ముందుకీ వెనక్కీ పోవడం చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి ఆయన పిడి వదిలేసి సందు దద్దరిల్లేలా అరిచాడు. "అమ్మోరి గుడి కాడ మొక్కినట్టా?"

నేను అలా చెప్పాలనుకోలేదు. చెయ్యి అలా చెప్పింది. గుమ్మంలో అత్త బియ్యం చేట పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి చేటలోనే ఆగిపోయింది. డా ఓన్ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. కో సో ఎప్పుడొచ్చాడో గోడకి ఆనుకుని ఉన్నాడు.

"ఒరే నూకరాజూ, బండి కదలనీకు. బ్రేకు తొక్కీసి ముందు గేరు ఎయ్యి, కొంచెం లాగనీ. తరవాత ఎనక గేరు." అని మావయ్య తెడ్డుని ఇంజను పక్కగా కిందకి దించాడు. ఇంజను బండి చట్రం మీద కూర్చునే చోట రబ్బరు దిమ్మలుంటాయి, ఇనుముకి ఇనుము తగలకుండా. అక్కడ ఆనించి కొరికాడు. ముందు గేరుకి ఇంజను ఒక పక్కకి ఒరిగింది. వెనక గేరు వేసేసరికి రెండో పక్కకి ఎగిరి కూర్చుంది. తెడ్డు ఎగిరింది. మావయ్య తల వెనక్కి విసిరినట్టయింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఆయన నవ్వుతున్నాడు.

"పట్టీసినాను! ఇదే, ఇదే! రబ్బరు తెగిపోనాది. ఇంజను పాదం ఇరిగింది గానీ మా గుంట పాదం కాదు!"

కో సో బోర్లా పడుకుని కింద చూసి పెద్దగా నవ్వాడు. బర్మా భాషలో చెప్పాడు, రబ్బరు ముందే ముసలిది, పెళ్ళి రోజు బరువుతో కొంచెం చిరిగి ఉంటుంది, గుడి దగ్గర ముందుకీ వెనక్కీ గుంజి గుంజి పూర్తిగా తెంపేశారు అని. ఇంజను దించక్కర్లేదు, పాత లారీ టైరు ముక్క కోసి వేస్తానన్నాడు.

సందంతా నవ్వుతోంది. అత్త ఒక్కతే నవ్వలేదు. మెల్లగా మెట్టు దిగి మావయ్య దగ్గరికి వచ్చింది. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "అయితే నా మొక్కే తెంపీసిందేటి?"

మావయ్య ఆవిడ పెదవులు కదలడం చూశాడు. ఆయన పెదవులు చూసి మాటలు పట్టగలడని ఇంట్లో అందరికీ తెలుసు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏటీ? నాకినపడదు. రబ్బరు ముసలిదైపోనాది. నానూ ముసిలోణ్ణే కదా" అన్నాడు.

అత్త వెనక్కి తిరిగింది. లోపలికి వెళుతూ గుమ్మం దగ్గర నా పెట్టెని కాలితో తోసింది. "ఎవులెట్టినారిది, దారికడ్డంగా?" అని, తనే వంగి లాక్కుంటూ తీసుకెళ్ళి మంచం కిందకి నెట్టేసింది. నది మాట ఇంక ఎప్పుడూ ఆ ఇంట్లో రాలేదు. తెడ్డుని చింతపండూ బూడిదా పెట్టి తోమి తోమి కడిగింది గానీ ఆయిలు వాసన పోలేదు. వంటింట్లోకి రానివ్వలేదు. బయట గోడకి మేకు కొట్టి తగిలించి నాతో, "మీ మావ సెవి అది. ఎక్కడా పారెయ్యకు" అంది. ఆ తర్వాత మా మావయ్యతో ఏ మాట చెప్పాలన్నా నేను ఆ తెడ్డే తీసేదాన్ని. అన్నం వేళకి ఒక టక్కు. ఎవరైనా వస్తే రెండు. మా అబ్బాయి కడుపులో పడ్డప్పుడు మా అత్త నన్నే చెప్పమంటే నేను సిగ్గుపడి పారిపోయాను, ఆవిడే తెడ్డు మీద చిన్నగా, చంటిపిల్ల నడిచినట్టు కొట్టింది. ఆయనకి వెంటనే తెలిసిపోయింది. కేకేశాడు. సందుకీ తెలిసిపోయింది.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ శుక్రవారం సంగతి. కొత్త రబ్బరు వేశాక బండి గుడికి వెళ్ళింది. ఈసారి అత్త నన్ను కూడా ఎక్కమంది, తన పక్కన. బండి కదిలేటప్పుడు నేను టక్కు కోసం విన్నాను. ఏమీ లేదు. మెత్తగా కదిలింది. గుడి ముందు మా ఆయన బండి ఆపి, మొక్కించాలా వద్దా అని వెనక్కి చూశాడు.

"ఆపు. దిగుతాను" అంది అత్త.

దిగి, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, బండి ముందు నిలబడింది. మూడడుగులు ముందుకి వేసి నడుము వంచింది. మూడడుగులు వెనక్కి వేసింది. మళ్ళీ ముందుకి. వెనక్కి వేసేటప్పుడు తడబడి బంపరు పట్టుకుంది. గుడికి వచ్చినవాళ్ళు నిలబడి చూస్తున్నారు. మా ఆయన సిగ్గుతో "అమ్మా, ఏటిది?" అన్నాడు.

"మొక్కంటే మొక్కే కదా నాయనా. దాని కాళ్ళకి నొప్పంటే నాకున్నాయి కాళ్ళు. దాని బదులు నాను మొక్కుతాను" అంది.

నేనూ దిగాను. ఎవరూ పిలవలేదు. ఆవిడ పక్కన నిలబడితే నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం కలిసి మూడోసారి ముందుకి, వెనక్కి. ఆవిడ నా దగ్గర ఎప్పుడూ ఏ తప్పూ ఒప్పుకోలేదు. నేను అడగలేదు. ఆ చెయ్యి చాలు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. మావయ్య, అత్త, తర్వాత మా ఆయన. ఆ కారు కూడా ఎవరిదో ఇనప కొట్టుకి వెళ్ళిపోయింది. అప్పుడు ఒక బండి కొడితే ఇల్లంతా, సందంతా కలిసి వినేది, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ. పాదం మాట అనేవాళ్ళూ వాళ్ళే, ఆ మాట పోగొట్టేవాళ్ళూ వాళ్ళే. ఇప్పుడు మా అబ్బాయి బండి కొడితే కంప్యూటరు ఒక్కటే వింటుంది. దానికి తప్పు లేకపోతే చప్పుడు లేనట్టే. అది మంచిదే అనుకుంటాను ఒక్కోసారి. ఏ కంప్యూటరూ కోడలి పాదం అనదు కదా. మరి ఎవరి చెయ్యీ పట్టుకోదు కూడా.

ఈ కథంతా విన్నాక మా అబ్బాయి తెడ్డు నా చేతికిచ్చి, "అయితే నువ్వే సెప్పమ్మా మా బండికేటైందో" అన్నాడు. నాకు పైన రెండు, కింద నాలుగు పళ్ళున్నాయి. వాటితో ఇడ్లీ తినడమే కష్టం, ఇంజనేం వింటాను? "నీ పళ్ళున్నాయి కదరా" అన్నాను. వాడు నవ్వుకుంటూ తీసుకుని కిందకి వెళ్ళాడు. నేను వసారా ఊచలు పట్టుకుని పైనుంచి చూశాను. ముందు అటూ ఇటూ చూశాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని. తర్వాత వంగి, తెడ్డు ఆనించి, పిడి నోట్లో పెట్టుకున్నాడు. తాత గాట్ల మీదే. కళ్ళు మూసుకున్నాడు. అచ్చం ఆయనే.

చాలాసేపు పైకి రాలేదు. వచ్చేసరికి మూతికి నల్లగా అంటుకుని ఉంది. "ఇంజను నీళ్ళ పంపు కాడమ్మా. అక్కడెడితే తలకాయలోకొచ్చీసింది. అమ్మా, నిజంగా ఇనపడతాదమ్మా!" అన్నాడు, గొంతు పెద్దది చేసి, మూడంతస్తులకీ వినపడేలా. చాలా ఏళ్ళ తర్వాత మా ఇంట్లో ఎవరో కేకేశారు. నాకు ఎంత బాగుందో.

నీళ్ళ పంపు మార్చాక గుడికి వెళ్ళాం. నేను దిగి బండి ముందు నిలబడి మూడడుగులు ముందుకి, మూడడుగులు వెనక్కి వేశాను. నా మోకాళ్ళు టకటకమన్నాయి. మా అబ్బాయి కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అమ్మా, నీ మోకాళ్ళకి తెడ్డెట్టి సూడాలేటి?" అని వెక్కిరించాడు. వెక్కిరించినవాడు ఊరుకున్నాడా, బండి ఆపు చేసి, దిగి వచ్చి, నేను పడిపోకుండా నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇంతే నాకు తెలిసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, కొన్ని మాటలు బర్మాలోంచి, కొన్ని మా అత్త నోట్లోంచి వచ్చేసి ఉంటాయి. చదువుతుంటే అక్కడక్కడ టక్కుమని కొట్టి ఉంటుంది. ఇంజను పాతది, తోలేది కొత్త మనిషి. పెద్ద మనసు చేసుకుని నన్ను క్షమించండి.